చింతగింజంత తేలిక

మా అన్నను గుంతలో దించుతుంటే వెనకనుంచి ఎవరో, "ఈసారి గూడా పైకి రాడప్పా," అన్నారు. నలుగురైదుగురు నవ్వారు. వాళ్లు పరాయివాళ్లు కారు. ఏళ్ల తరబడి మా అన్న వండిన బెల్లం తిన్నవాళ్లే. గుంత తవ్వినవాళ్లలో ఒకడు పార మీద రెండు చేతులూ ఆనించి, తల వంచి నవ్వు ఆపుకుంటున్నాడు. నేను పిడికెడు మన్ను వేసి పక్కకు జరిగాను. ఎవరితోనూ పోట్లాడలేదు. చిత్తూరుకు కాస్త ఎడంగా ఉన్న ఆ ఊళ్లో ఆయన్ను సుదర్శనం అని పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ ఆయన 'మునకల్లుడు'. ఆ పేరుతోనే బతికాడు, ఆ పేరుతోనే పోయాడు.

ఆ పేరు ఒక పడవ వల్ల వచ్చింది. నీళ్ల మీద పోయే పడవ కాదు, నీళ్ల కింద పోయేది.

డెబ్బై ఒకటి యుద్ధంలో విశాఖపట్నం దగ్గర జలాంతర్గామి మునిగిందని పేపర్లో చదివిన రోజు నుంచి అన్నకు ఆ పిచ్చి పట్టింది. యుద్ధం గురించి ఆయనకేమీ పట్టలేదు. అంత ఇనుము నీళ్లలోకి పోయి, అనుకున్నప్పుడు పైకి ఎట్లా వస్తుందన్నదే ఆయన ఆలోచన. అప్పటికి నాయన పోయాడు. అమ్మ సిద్ధమ్మ, అన్న, నేను తిరుపతి కొర్లగుంటలో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. అన్న కరెంటాఫీసులో గుమాస్తా. నేను చదువుకునేవాణ్ణి. సాయంత్రం ఆఫీసునుంచి రాగానే చొక్కా విప్పి, కాఫీ తాగి, పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర కూర్చునేవాడు. ఇక ఆయన లోకం వేరు.

పొలాలకు నీళ్లు పారించే ప్లాస్టిక్ పైపు ముక్క, మూరకంటే కొంచెం ఎక్కువ పొడవు, అదే ఒళ్లు. ముక్కూ తోకా చెక్కబొమ్మలు చేసేవాడి దగ్గర తరిమెన పట్టించి నున్నగా తిప్పించాడు. ఇత్తడి చెంబు మూత కత్తిరించి ఫ్యాను రెక్కలు చేశాడు. అతుకులకు సైకిలు ట్యూబు, మైనం, గ్రీసు. లోపల టార్చిలైటు బ్యాటరీలు, పాత టేపురికార్డరు మోటారు. చేప రెక్కల మాదిరి రెండు పక్కలా రెండు రేకులు. గాల్లోంచి సంకేతం పంపే పెట్టె కోసం మద్రాసు పోయి, మూర్ మార్కెట్టులో పాత సామాన్ల గుట్టలు తవ్వి ఏవేవో తెచ్చేవాడు. ఆ పెట్టె టిఫిను డబ్బా అంత ఉండేది. దానికొక పొడుగాటి ఏరియలు. ఒక మీట నొక్కితే మోటారు తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. ఇంకొక మీట రెక్కల్ని పైకీ కిందికీ వంచుతుంది. అంతే. ఆ 'అంతే'కు ఆయనకు ఆరేళ్లు పట్టింది.

"ఒరే సుదర్శనా, తొట్లో గ్రీసు తేలతా ఉండాది. ఈ నీళ్లతో పప్పు ఉడకబెట్టేదా?" అని అమ్మ అరిచేది.

"ఉడకబెట్టు మా. అడుగంటకుండా ఉంటాది."

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది. పెండ్లి చేసుకోరా అంటే తొట్లో సేపను సాకుతా ఉండావు."

దాని కిటుకు అన్న నాకు ఎన్నోసార్లు చెప్పాడు. పడవ నీళ్లకంటే ఒక్క రవ్వ తేలిగ్గా ఉండాలి. మోటారు తిరిగేటప్పుడు రెక్కలు కిందికి వంచితే ముక్కు దించుకుని లోపలికి పోతుంది. మోటారు ఆగితే ఆ రవ్వంత తేలికే దాన్ని పైకి మోసుకొస్తుంది. సంకేతం అందకపోయినా, బ్యాటరీ అయిపోయినా ఆగుతుంది కాబట్టి, ఏం జరిగినా పైకే వస్తుంది. ఆ రవ్వ ఎక్కువైతే మునగదు, తక్కువైతే తేలదు. కడుపు కింద సీసం బిళ్లలు తీగతో కట్టి, ఒక్కొక్క బిళ్లనూ ఆకురాయితో అరగదీస్తూ, పైన చింతగింజలు పెట్టి చూసేవాడు. నాలుగు గింజలకు పడవ వీపు సరిగ్గా నీటిమట్టానికి రావాలి. అయిదో గింజకు మునగాలి. అది కుదిరిన రోజు అన్న తొట్టి గట్టున కూర్చుని ఆ అయిదో గింజను పెట్టి తీసి, పెట్టి తీసి చూసుకున్నాడు. నేను చూసినంతలో ఆయన అంత సంతోషంగా ఉన్న రోజు మరొకటి లేదు.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో పెళ్లయింది. పిల్ల చంద్రకాంతం. మామ దొరస్వామికి ఆమె ఒక్కతే సంతానం. చిత్తూరు దగ్గరి ఆ ఊళ్లో చెరుకు తోటలు, బెల్లం గానుగ, అయిదు మనుషుల లోతు మోటరు బావి ఉన్న మనిషి. కొడుకులు లేరు గనక, ఆస్తి దాయాదుల పాలు కాకుండా తన ఇంట్లోనే ఉండే ఇల్లటం అల్లుడు కావాలని ఎంతోమందిని చూశాడు. అన్న ఒప్పుకోలేదు. "నేను తిరపతి ఇడిసిపెట్టి రాను. పిల్లనిస్తే మా ఇంటికే రావాల," అని ముందే చెప్పాడు. దొరస్వామి సరేనన్నాడు. ఆయన ఏ మాటకైనా మొదట సరేననే మనిషి.

వదిన మా ఇంట్లో ఉన్నది కొద్ది నెలలే. ఆమెకు పడవ అంటే మొదట భయం, తర్వాత వేడుక. కల్యాణి డ్యాము కట్టిన కొత్త. ఒక ఆదివారం ముగ్గురం బస్సులో రంగంపేట దాకా వెళ్లి, అక్కణ్ణించి నడిచి డ్యాముకు పోయాం. అన్న పడవను నీళ్లలో వదిలాడు. అది పైన కొంతదూరం పోయి, ముక్కు దించి, లేకుండా పోయింది. నీళ్లు మూసుకున్నాయి. వదిన అన్న మోచెయ్యి పట్టుకుంది.

"పొయ్యిందా?"

"పోలేదు. ఈడనే ఉండాది."

"కనపడ్లేదే."

"కనపడకపోతే లేనట్టా?" అని అన్న మీట వదిలాడు. కొంచెంసేపటికి ఎక్కడో దూరంగా నల్లటి వీపు పైకి తేలింది. వదిన చప్పట్లు కొట్టింది. వచ్చేటప్పుడు బస్సులో తడి పడవను ఆమే ఒళ్లో పెట్టుకుంది. చీరంతా గ్రీసైంది.

ఆషాఢం రాగానే దొరస్వామి వచ్చి కూతుర్ని తీసుకుపోయాడు. కొత్త పెళ్లికూతురు ఆ నెల పుట్టింట్లో ఉండాలి గదా. ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది, దసరా పోయింది. పంపలేదు. అన్న రెండుసార్లు పోయి వట్టి చేతులతో వచ్చాడు. కార్తీకంలో నన్ను వెంటబెట్టుకుని పోయాడు.

మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి దొరస్వామి బాగా మర్యాద చేశాడు. కొత్త బెల్లం, శెనక్కాయలు తెప్పించాడు. ఆడవాళ్లు లోపల వంటలో ఉన్నారు.

"ఏమప్పా అల్లుడా, నీ నీళ్లపాము బాగుండాదా?"

"బాగుండాది మామా. మీ బిడ్డను పంపిస్తే ఇంకా బాగుంటాది."

"పంపించేదానికేమప్పా. ఊళ్లో నలుగురు నన్ను అడగతా ఉండారు. 'నీ అల్లుడు తొట్లో బొమ్మలతో ఆడుకుంటాడంటనే, పిల్లోడా మొగోడా,' అని. నేనేం చెప్పేది? నేనే ఎప్పుడూ సూడ్లేదు దాన్ని. నిజంగా మునుగుతాదా?"

అన్న ముఖం వెలిగిపోయింది. ఆయన్ను ఎవరైనా ఆ సంగతి అడగడమే అపురూపం. అన్నీ చెప్పాడు. మోటారు, రెక్కలు, సీసం, నాలుగు చింతగింజలు. దొరస్వామి శెనక్కాయలు ఒలుస్తూ తలూపుతూ విన్నాడు.

"నాలుగు గింజలంత తేలికంటావు. అయిదోది పెడితే?"

"అడుక్కి పోతాది మామా. మళ్లా రాదు."

"అబ్బా! ఇంత బతుకూ నాలుగు చింతగింజల మీదనే ఉండాదే," అని దొరస్వామి పెద్దగా నవ్వాడు. అన్న కూడా నవ్వాడు. తర్వాత దొరస్వామి గొంతు సర్దుకున్నాడు. "సరే. మా బాయిలో ఇడిసిపెట్టు. ఊరంతా సూడనీ. మునిగి మళ్లా తేలితే మూడోనాడు నా బిడ్డను నేనే తిరపతికి తెచ్చి ఇడిసిపెడతా. ఇంకెప్పుడూ ఇల్లటం మాటెత్తను. తేలకపోతే మాత్రం నువ్వు నా ఇంటికి రావాల. గానిగ చూసుకోవాల. ఈ బొమ్మలు ముట్టకూడదు. ఏమంటావు?"

నేను అన్న చెయ్యి గిల్లాను. ఆయన నన్ను చూడలేదు. "తేలతాది మామా," అన్నాడు.

"అట్లంటే కాణిపాకంలో చెబుదువు."

చిత్తూరు సీమలో ఎవరైనా వట్టిమాట తప్పవచ్చు, అప్పుపత్రం మీద మాట తప్పవచ్చు. కాణిపాకం కోనేట్లో మునిగి, వినాయకుడి ముందు తడిబట్టలతో చెప్పిన మాట తప్పినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. మరుసటి రోజే ఇద్దరూ పోయి ప్రమాణం చేసి వచ్చారు. ఇద్దరూ వచ్చేటప్పుడు ఒకే బీడీకట్టలోంచి బీడీలు కాలుస్తూ వచ్చారు.

పందెం రోజుకు అన్న పడవను తీసుకుని ముందురోజే ఆ ఊరు చేరుకున్నాడు. అమ్మ రాలేదు, నేను వెంట వెళ్లాను. మోటరు షెడ్డు పక్క తొట్లో బావి నీళ్లు నింపి, చింతగింజలు పెట్టి మళ్లీ తూకం చూసుకున్నాడు. సరిగ్గా ఉంది. తుడిచి, పూజగదిలో పెట్టాడు. "దీనికి బొట్టు గూడా పెట్టొద్దు," అని ఇంట్లోవాళ్లకు చెప్పాడు. వదిన తలూపింది. చాలా నెలల తర్వాత వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నది ఆ గడప దగ్గరే. ఆమె కళ్లు నవ్వాయి.

పొద్దున్నే బావి చుట్టూ జనం. గట్టు మీద, కొబ్బరిచెట్ల కింద, షెడ్డు పైకప్పు మీద. వానలకు బావి సగానికి పైన నిండి ఉంది. అన్న రాతిమెట్లు దిగి చివరి మెట్టు మీద నిలబడ్డాడు. నేను ఆయన వెనక రెండు మెట్లు పైన. వదిన అవతలి గట్టున ఆడవాళ్లలో నిలబడి చేతులు జోడించి కళ్లు మూసుకుంది.

పడవ నీళ్లలోకి దిగింది. దాని వీపు మామూలుకంటే కొంచెం కిందికి ఉందేమోనని నాకనిపించింది గాని అన్న అప్పటికే, ఒక చేత్తో దాన్ని పట్టుకునే, మీట నొక్కాడు. మోటారు ఊపుకు పైపైనే గుండ్రంగా ఒక చుట్టు తిరిగింది. "నీళ్లపామురో!" అని ఎవడో ఈల వేశాడు. అన్న రెండో మీట తిప్పాడు. ముక్కు వంగింది, తోక ఒక్కసారి తళుక్కుమంది, మునిగిపోయింది. పచ్చటి నీళ్లలో నల్లటి నీడ ఒక చుట్టు తిరగడం అందరికీ కనిపించింది. ముసలివాళ్లు కూడా నోళ్లు తెరిచారు. గట్టు మీద కూర్చున్న దొరస్వామి కూడా ముందుకు వంగాడు.

అన్న మీట వదిలాడు. నీడ ఆగింది. ఆగి, మెల్లగా, ఇంకా లోపలికి పోయింది.

అన్న మళ్లీ మీట నొక్కాడు, వదిలాడు. రెక్కలు పైకి తిప్పాడు. ఏరియలు నీళ్లకు ఆనేంత వంగాడు. అడుగు బురదలోంచి నాలుగు బుడగలు వచ్చాయి. అంతే.

"ఊపిరి పీల్చుకునేదానికి పొయ్యిందేమోలే అల్లుడా!"

"ఎర వెయ్యప్పా, వస్తాది!"

"పడవ పొయ్యింది, పెండ్లామూ పొయ్యింది!"

నవ్వులు బావి గోడలకు కొట్టుకుని రెండింతలుగా కిందికి వచ్చాయి. దొరస్వామి చెయ్యెత్తి వాళ్లను ఆపాడు. "నవ్వకండప్పా, పాపం. రేయ్, మోటరెయ్యండ్రా. బాయంతా తోడేద్దాం. అల్లుడి సొత్తు మనకెందుకు," అన్నాడు.

మోటరు వేశారు. నీళ్లు చెరుకు తోటలోకి పారుతుంటే జనం ఇళ్లకు పోలేదు. శెనక్కాయలు, బొరుగులు తెచ్చుకుని గట్టున కూర్చున్నారు. నీళ్లు మెట్టుమెట్టుకూ దిగుతుంటే అన్న కూడా మెట్టుమెట్టుకూ దిగాడు. పైనుంచి తొక్కలు మా నెత్తిన పడుతున్నాయి. మధ్యాహ్నానికి బురద కనిపించింది. అన్న మోకాలి లోతు బురదలోకి దిగి పడవను పైకి తీశాడు. ఎక్కడా పగల్లేదు, లోపలికి చుక్క నీళ్లు పోలేదు. కడుపు కింద చెయ్యి పెట్టి ఆగిపోయాడు.

సీసం బిళ్లల మధ్య పసుపుదారంతో ఒక రాగి తాయెత్తు గట్టిగా కట్టి ఉంది. గంగమ్మ గుళ్లో రేకు రాయించి, చుట్టి, గొట్టంలో పెట్టి ఇస్తారే, అది. చిటికెన వేలంత ఉంది. పది చింతగింజల బరువుంటుంది. దారానికి వేసిన ముడి మా ఇద్దరికీ తెలుసు. కొర్లగుంట ఇంట్లో మల్లెచెండుకు వదిన వేసే ముడి అది.

అన్న పైకి చూశాడు. పైన గుండ్రటి ఆకాశం, చుట్టూ తలకాయలు, వాటి మధ్య వదిన ముఖం. ఆమె ఏడుస్తోంది. అన్న పడవను ముఖానికి దగ్గరగా తెచ్చుకుని, ముద్దు పెట్టుకుంటున్నట్టు వంగి, దారాన్ని పళ్లతో కొరికి తాయెత్తును బుగ్గన పెట్టుకున్నాడు. పైనున్నవాళ్లు, "ముద్దు పెట్టుకుంటా ఉండాడు చూడండ్రో!" అని అరిచారు. అన్న నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

మెట్లెక్కి వచ్చాక అందరూ చుట్టుముట్టారు. ఏమైంది అల్లుడా, ఎందుకు తేల్లేదు అల్లుడా అని అడిగారు. నోట్లో రాగిముక్క పెట్టుకుని ఏం మాట్లాడతాడు. తల వంచుకుని నిలబడ్డాడు.

"మాట గూడా మునిగిపొయ్యింది పాపం," అన్నాడు దొరస్వామి. ఆ నవ్వు ఊరంతా పాకింది. మునకల్లుడు అన్న పేరు ఆ పూటే పుట్టింది.

షెడ్డు వెనక చెరుకుల్లో అన్న తాయెత్తును ఉమ్మేసి, కాలితో బురదలోకి తొక్కాడు.

"చెప్పన్నా," అన్నాను. "ఇప్పుడే చెప్పు. మళ్లా ఒక్కసారి నీళ్లలో వదిలితే తేలతాది గదా."

"చెప్పి? మొగుని పడవ ముంచిన ఆడది అంటారు. ఈ ఊరోళ్ల నోళ్లు చూసినావు గదా. చచ్చేదాకా ఇడిసిపెట్టరు ఆ పిల్లను. నన్నననీ. నేను మొగోణ్ణి, పడతా." వెనక్కి వచ్చి అందరి ముందూ, "నా లెక్క తప్పింది మామా," అన్నాడు.

దొరస్వామి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "లెక్కలు మనకెందుకప్పా. చెరుకుండాది, గానిగుండాది."

అన్న ఉద్యోగం మానేశాడు. అమ్మా నేనూ తిరుపతిలోనే ఉండిపోయాం. పొంగలికీ ఉగాదికీ నేను పోయి చూసి వచ్చేవాణ్ణి. మొదటిసారి పోయినప్పుడు పడవ పైపును ఏటవాలుగా కోసి, ఎద్దులకు మందు తాగించే గొట్టంగా వాడుతున్నారు. అన్నే ఎద్దు తల ఎత్తి పట్టుకున్నాడు. దొరస్వామి దాంతో మందు పోస్తూ, "సూడబ్బా, ఇప్పుడు పనికొచ్చింది మీ అన్న సదువు," అని నాతో అన్నాడు. ఏరియలు చెరుకుతోటలో కాకుల్ని బెదరగొట్టేందుకు పాతారు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ భోజనాల దగ్గర బావి కథ చెప్పించేవారు. చెప్పాల్సింది అన్నే. బుడగలు వచ్చిన దగ్గరికి రాగానే దొరస్వామి, "ఆ, అప్పుడు?" అని అందించేవాడు.

మూడో ఏడు గానుగ రోళ్ల మధ్య చెరుకు పెడుతుంటే అన్న కుడిచెయ్యి పోయింది. చెయ్యంతా కాదు, బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్లూ. ఆసుపత్రినుంచి వచ్చినరోజు దొరస్వామి కట్టు చూసి, "ముంచిన చెయ్యే గదా పొయ్యింది, మంచిదేలే," అన్నాడు. అది తమాషాకు అన్నమాటే. ఆయన తమాషాలన్నీ అట్లాగే ఉండేవి. ఆ తర్వాత అన్నను గానుగనుంచి తీసి బెల్లం పెనం దగ్గర పెట్టారు. ఎడమచేత్తో తెడ్డు తిప్పడం నేర్చుకున్నాడు.

వదినను కాపాడాలని అన్న నెత్తికెత్తుకున్న పేరు వదినను వదల్లేదు. కొళాయి దగ్గర ఆడవాళ్లు ఆమెను 'మునకోడి పెండ్లాం' అని పిలిచేవారు. "ఏం మే, బిందె మునిగిందా, తేల్తాదా?" అనేవారు. మొదట్లో ఇంటికొచ్చి ఏడ్చేది. అన్న ఊరుకోబెట్టేవాడు. కొన్నేళ్లకు ఏడుపు ఆగిపోయింది. ఆ తర్వాత వాళ్లు ఆమెను అన్నదే ఆమె ఇంటికొచ్చి అన్నను అనేది.

ఎనభై ఆరులో దొరస్వామికి పక్షవాతం వచ్చింది. ఒక పక్క పడిపోయింది. మాట మాత్రం కొంచెం ముద్దగా వచ్చేది, తెలివి పోలేదు. చూసి వద్దామని నేను పోయిన మధ్యాహ్నం అన్న పెనం దగ్గరనుంచి ఆలస్యంగా వచ్చి కూర్చున్నాడు. వదిన ఆకులో సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి వడ్డించింది. ఇంకొక ముద్ద మరిగే చారులో కలిపి తన నాయన కోసం గిన్నెలో పెట్టింది. అది ఇంకా పొగలు కక్కుతోంది.

"పొద్దున పాకం మాడబెట్టినావంట," అంది వదిన.

"ఒక పెనమే."

"ఒక పెనం, ఒక పడవ, ఒక చెయ్యి. ఏదన్నా ఒకటి సరిగ్గా చేసినావా నువ్వు?"

"అబ్బోడు ఉండాడు, ఊరుకో మే," అన్నాడు అన్న, నావైపు చూపిస్తూ.

"ఉండనీ. మీ అబ్బోడికి తెలవదా? ఊరంతటికీ తెలుసు. నీకు తెలవనిది నేను చెబుతా విను. ఆ పొద్దు నువ్వు బొట్టు గూడా పెట్టొద్దన్నా, నీకు తెలవకుండా గంగమ్మ రేకు కట్టినా నీ పడవకు. ఒక్కపొద్దుండి రాయించినా. ఆ యమ్మ గూడా తేల్చలేకపొయ్యింది నీ చేతగానితనాన్ని."

అన్న నోటి దగ్గర ముద్ద ఆగింది. నేను ఆయన కాలు తొక్కాను. అక్కడితో ఆగిపోతే బాగుండేది. అన్ని సంవత్సరాలు కాచుకున్నది, ఒకే ఒక్క మంచిపని, మిగిలినవన్నీ పోయాక ఆయన దగ్గర మిగిలినది అదొక్కటే. దాన్ని తీసి ఆమె ముఖాన కొట్టాడు.

"ఆ రేకే ముంచింది," అన్నాడు.

"ఏమీ?"

"నాలుగు గింజల తేలిక దానికి. నువ్వు పది గింజల బరువు కట్టినావు. నేనే కొరికి తీసినా, బాయిలో. బుగ్గన పెట్టుకోని పైకొచ్చినా. వీడు చూసినాడు, అడుగు. నా పడవ బాగనే ఉండె. నువ్వే ముంచినావు. పడవనూ, నన్నూ."

వదిన నావైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె గోడను పట్టుకుంది. మాతో కాదు, తనలో తను అనుకుంటున్నట్టుగా అంది. "నేననుకోలేదే. నాయన గదా చెప్పింది. 'కట్టమ్మే, అల్లుడు గెలవాల. ఆయనకు చెప్పొద్దు, సదువుకున్నోళ్లు నమ్మరు. సీసం సందున కడితే కనపడదు,' అని."

గిన్నె తీసుకుని లోపలి గదిలోకి పోయింది. తలుపు తీసే ఉంది. మాకన్నీ వినిపించాయి.

"నాయనా. ఆ రేకు కడితే మునుగుతాదని నీకు తెలుసా?"

నవ్వు మొదలైంది. సగం నోటితో నవ్వే నవ్వు, గొంతులో గురగురమంటూ.

"ఇప్పుడా మే... తెలిసింది? అరుగు మీద కూసోని... వాడే చెప్పినాడు గదా. అయిదో గింజ పెడితే... అడుక్కి పోతాదని." దగ్గు వచ్చింది, తగ్గింది. "కత్తితో పొడిసినానా? గంగమ్మ రేకే గదా. నువ్వూ నా ఇంట్లోనే ఉండావు. వాడూ నా ఇంట్లోనే ఉండాడు. దాయాదులు నోట్లో మన్ను కొట్టుకున్న్యారు. ఏం తక్కువైందిప్పుడు?"

వదిన బయటికి వచ్చింది. గిన్నె చేతిలోనే ఉంది. అన్న ఆకు ముందరే కూర్చుని ఉన్నాడు.

"నేనే చెప్పినా ఆయనకి," అన్నాడు అన్న. "అడిగినాడు గదా అని, సంతోషంగా చెప్పినా." ఉన్నట్టుండి తలెత్తాడు. ముఖంలో ఏదో కదిలింది. "అయితే ఆ ప్రమాణం చెల్లదు మే. మోసం చేసినంక కాణిపాకం మాట చెల్లదు. పోదాం పద."

"యాడికి?"

"తిరపతికి. కొర్లగుంటకు."

వదిన ఆయన కుడిచెయ్యి చూసింది. అది ఆకు పక్కన నేల మీద, రెండు వేళ్లతో, పీత మాదిరి పడి ఉంది. ఆమె చూపు ఎక్కడుందో చూసి అన్న దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు.

"పొయ్యి?" అంది.

నేనేదో అనాలని నోరు తెరిచాను. నా ఇంట్లో ఉండొచ్చు, ఏదో ఒక పని చూడొచ్చు, అట్లాంటివి. ఆ చెయ్యి చూశాక ఆ మాటలు రాలేదు. ఇంతలో గానుగ దగ్గరనుంచి కేక వినిపించింది. "ఓ మునకన్నా! పాకం పొంగతా ఉండాది. వస్తావా, ఇదిగూడా మాడిపోవాల్నా?"

అన్న ఎడమచేత్తో నీళ్లు పోసుకుని చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని పెనం దగ్గరికి పోయాడు. మూడేళ్ల తర్వాత చనిపోయేదాకా ఆ పెనం దగ్గరే ఉన్నాడు.

వదిన గిన్నెతో మళ్లీ లోపలికి పోయింది. పక్షవాతం వచ్చినప్పటినుంచీ తన నాయనకు ప్రతి ముద్దా ఊది, తన పెదవికి ఆనించి చూసి పెట్టేది. గడప ఇవతలనుంచి నాకు ఆమె వీపే కనిపిస్తోంది. ఈసారి ఆమె ఊదలేదు.

"కాలతాంది... మే," అన్నాడు దొరస్వామి.

"మింగు నాయనా," అంది వదిన, ఇంకొక ముద్ద తీసి.